గంగిరెద్దు అల్గారిథం

ప్రకృతిని అనుకరిస్తూ మేలైన జవాబును వెతికే పద్ధతులు అల్లే పరిణామ గణనలో ఆచార్యులుగా స్థిరపడదలచిన యువతకు ముందుగానే ఒక హెచ్చరిక: కొత్త పద్ధతికి పేరు పెట్టుకుందామంటే జంతువులు అయిపోతున్నాయి. తోడేలు 2014లోనే చేజారింది, తిమింగలం 2016లో. గబ్బిలం, మిణుగురు, కోకిల అంతకు ముందే పోయాయి. ఇసుకలో గుంట తవ్వుకుని చీమల కోసం కాచుకునే పురుగు మీద కూడా ఎవరో వ్యాసం వేసేశారు. ప్రమోషన్ ఇంటర్వ్యూకి నాలుగు నెలలే ఉన్న నాలాంటివాడు ఏ అడవికి పోవాలి?

పెద్దలకు ఈ ఇబ్బంది లేదు. 1960లలో బెర్లిన్‌లో రెషెన్‌బెర్గ్, ష్వెఫెల్ గాలి సొరంగంలో అతుకుల పలకను యాదృచ్ఛికంగా వంచి చూస్తూ, గాలి తక్కువ అడ్డుకునే వంపును అట్టిపెట్టుకుంటూ కూర్చున్నారు. 1975లో మిషిగన్‌లో హాలండ్ జన్యువుల తీరును అనుకరించి జవాబు వెతకడం మీద పుస్తకం రాశారు. 1992లో డొరిగో చీమల దారుల మీద పిహెచ్‌డి చేశారు. ముప్ఫై ఏళ్లకు మూడు ఆలోచనలు! ఈ వేగంతో నడిస్తే ఇవాళ ప్రొబేషన్ కూడా దాటలేరు.

ఆలోచించి నేను గంగిరెద్దును ఎంచుకున్నాను. ఇంటింటికీ తిరుగుతుంది కాబట్టి అన్వేషణ ఉంది. బియ్యం బాగా పడిన గుమ్మం వదలదు కాబట్టి దొరికినదాన్ని వాడుకోవడం ఉంది. సన్నాయి ఊదితే తల ఊపుతుంది. ఇది దేనికో ఇంకా తేల్చలేదు. సూత్రం సులువు: ఉన్న చోటు నుంచి మంచి గుమ్మం వైపు కొంత జరగాలి, ఎంత అన్నది యాదృచ్ఛిక సంఖ్య చెబుతుంది.

“ఇది 1995లో కెనడీ, ఎబర్‌హార్ట్ పక్షుల గుంపును చూసి రాసిందే కదా సార్?” అన్నాడు నా విద్యార్థి.

“అందులో పక్షులు నాయనా, ఇందులో ఎద్దు” అన్నాను. వాడి తృప్తి కోసం ‘ముంగాళ్ల లయ’ అనే గుణకాన్ని చేర్చాను. ఒకటి దగ్గర మొదలై మెల్లగా తగ్గుతుంది. నవ్యత సిద్ధించింది.

ఉపోద్ఘాతానికి కష్టపడనక్కర్లేదు. అన్ని రకాల సమస్యల మీదా సగటు తీస్తే ఏ పద్ధతీ మరోదాని కన్నా మెరుగు కాదని 1997లో వోల్పర్ట్, మెక్రెడీ నిరూపించారు. కనుక కొత్త పద్ధతి అత్యవసరం. ఈ ‘కనుక’ మీద ఎన్ని సంసారాలు గడుస్తున్నాయో! ఉపమానాల మోజును ఎండగడుతూ 2015లో సోరెన్సెన్ రాసిన వ్యాసాన్ని కూడా భక్తిగా ఉదహరించాను, తోడేలు పక్కనే.

ఇక పరీక్ష. ముప్ఫై చరరాశుల వర్గాల మొత్తం ఎక్కడ అతి తక్కువో వెతకాలి. అన్నీ సున్నా అయిన చోట కనిష్ఠం. నా ఎద్దు సున్నాకు ఎంత దగ్గరికి వెళ్లిందంటే, తేడా రాయడానికి పట్టికలో గడి చాలలేదు. తోడేలూ తిమింగలమూ వెనకబడ్డాయి. మిఠాయి తెప్పించాను.

మిఠాయి తింటూనే నా విద్యార్థి కనిష్ఠాన్ని సున్నా నుంచి 37కు జరిపాడు. ఎద్దు సున్నా దగ్గరే నిలబడి తల ఊపింది. మళ్లీ నడిపాం, మళ్లీ అక్కడికే. ముంగాళ్ల లయ ప్రతి అడుగులోనూ చోటునే ఒకటి కన్నా చిన్న సంఖ్యతో గుణిస్తోందట, ఎటు తోలినా చివరికి సున్నా ఇంటికే వస్తుందట. అంటే వ్యాసం మొత్తంలో నా సొంతమైనది అదొక్కటే, పట్టికలో గెలిపించిందీ అదే.

“సార్, 37 సంగతి రాయమంటారా?”

“ఇందులో వద్దు. ‘మెరుగుపరచిన గంగిరెద్దు’ అని ఇంకో ఫైలు తెరువు.”