జనవరి ఒకటిన పుట్టిన వాళ్లు

ఉద్యోగం మారదలచిన ప్రతి తెలుగువాడికీ కాలానుగుణంగా ఒక గమ్యం ఏర్పడి ఉంటుందని అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల గోడలు చాలాకాలంగా చాటుతూనే ఉన్నాయి. ఆ గోడల మీద ఒకనాడు జావా ఉండేది, తరవాత టెస్టింగ్ వచ్చింది, ఆపైన డేటా సైన్స్ వెలిసింది. ఇప్పుడు వాటన్నిటినీ కప్పేస్తూ, రోగుల వివరాలను కంప్యూటర్లలో భద్రపరచి విశ్లేషించే హెల్త్ ఇన్ఫర్మాటిక్స్ ఫ్లెక్సీ కట్టారు. బీఫార్మసీ చదివి మందుల దుకాణంలో పనిచేస్తున్న మా మేనకోడలు ఈ రంగంలోకి మారదామనుకోవడంతో, పెద్దదిక్కుగా నేనూ ఉచిత డెమో క్లాసుకు వెళ్లి, చివరి బెంచీలో కూర్చుని జ్ఞానోదయం పొంది వచ్చాను. దాన్ని నలుగురికీ పంచకుండా దాచుకోవడం పాపమని ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను.

నా కుడిపక్క ఒక ఫిజియోథెరపిస్టు, ఎడమపక్క ఒక పంటి డాక్టరు, ముందు వరుసలో ఇద్దరు నర్సులు, వాళ్ల వెనక బ్యాంకు రుణాలు వసూలు చేసే ఏజెంటు ఒకాయన కూర్చున్నారు. 'రోగి చెయ్యి పట్టుకుంటే నెలకు ఎంత వస్తుంది, రోగి ఫైలు పట్టుకుంటే ఎంత వస్తుంది?' అని మాస్టారు అడిగిన మొదటి ప్రశ్నకే పంటి డాక్టరు కళ్లు చెమర్చాయి. అయితే ఆ గదిలో అందరికన్నా అర్హుడు వసూళ్ల ఏజెంటేనని మాస్టారు తేల్చారు. అమెరికాలో బీమా కంపెనీ తిరస్కరించిన ఆసుపత్రి బిల్లు గురించి ఇక్కడి నుంచి రాత్రంతా ఫోన్లు చేసి డబ్బు రాబట్టే పనిని ఏఆర్ కాలింగ్ అంటారు. దానికి శరీర శాస్త్రం కన్నా గొంతు ముఖ్యం. మనుషుల రోగాలు చదివినవాళ్ల కన్నా మనుషుల బాకీలు చదివినవాడు ముందుంటాడన్న ఈ సూత్రంలో నాకు ఎంత వెతికినా తప్పు దొరకలేదు.

తరవాత కోడ్ల మహిమ మొదలైంది. అమెరికాలో 2015 అక్టోబరు 1 నుంచి అమల్లో ఉన్న ఐసీడీ-10-సీఎం అనే రోగాలు, గాయాల కోడ్ల జాబితాలో 70 వేలకు పైగా కోడ్లున్నాయి. బాతు కరిస్తే డబ్ల్యూ61.61, బాతు కొడితే డబ్ల్యూ61.62, ఈ రెండూ కాకుండా బాతుతో మరే విధమైన సంపర్కం ఏర్పడినా డబ్ల్యూ61.69. అత్తమామలతో పొసగకపోతే జడ్63.1, అంటే మన టీవీ సీరియళ్లు ఇరవై ఏళ్లుగా సాగదీస్తున్నదంతా అయిదు అక్షరాల్లోపు ఇమిడిపోయింది. రోగి ఫైలు చదివి ఇలాంటి కోడ్లు వేసే మెడికల్ కోడర్లు సర్టిఫికెట్టు కోసం రాసే సీపీసీ పరీక్షలో 100 ప్రశ్నలకు 4 గంటల్లో జవాబులు గుర్తించి 70 శాతం తెచ్చుకుంటే చాలు. కాకపోతే అనుభవం లేనివాళ్ల సర్టిఫికెట్టుకు అప్రెంటిస్ అన్న అర్థంలో 'ఏ' అనే తోక తగిలిస్తారు. ఉద్యోగం చేస్తే గాని ఆ తోక మామూలుగా ఊడదు, తోక ఊడితే గాని చాలాచోట్ల ఉద్యోగానికి పిలవరు. పిచ్చి కుదిరితే గాని పెళ్లి కాదు, పెళ్లయితే గాని పిచ్చి కుదరదన్న మన పెద్దలు ఈ పరీక్ష రాసే ఉంటారు.

నర్సులిద్దరిలో పెద్దావిడ తనకు పదకొండేళ్ల అనుభవం ఉందని చెప్పుకోగా, అది వార్డు అనుభవమే గాని డేటా అనుభవం కాదని మాస్టారు జాలిగా సరిదిద్దారు. టీ విరామంలో ఆవిడ చెప్పిన సంగతి వింటే ఆ జాలి ఎంత సముచితమో బోధపడుతుంది. దివిసీమ వైపు ఒక ఆసుపత్రి ఓపీ కౌంటరులో ఆవిడ కంప్యూటరు ముందు కూర్చుని, 'ఎప్పుడు పుట్టావు తాతా?' అని అడిగితే, 'ఉప్పెన నాటికి నాకు ఇద్దరు పిల్లలమ్మా' అని జవాబు వచ్చేదట. ఉప్పెన అంటే 1977 నవంబరు 19. పెళ్లి ఎన్నో ఏట అయింది, పెద్దపిల్లకు అప్పటికి నడక వచ్చిందా అని ఆరా తీస్తే సంవత్సరం దాకా వెళ్లవచ్చు. వెనక నలభై మంది నిలబడి ఉన్నారు, తేదీ గడి ఖాళీగా ఉంటే తెర ముందుకు కదలదు. కనుక 01-01-1950. ఆ తరవాత ఒంట్లో ఏముందని అడిగితే 'వేడి చేసిందమ్మా' అంటాడు. మూత్రంలో మంటా, నోట్లో పొక్కులా, ముక్కులోంచి రక్తమా అని ఇంకో రెండు ప్రశ్నలు వేసి ఆవిడ అసలు సంగతి రాబడుతుంది.

ఇదంతా అనుభవం కిందికి రానందువల్ల, రేపు ఈ రికార్డులను విశ్లేషించే బాధ్యత తగినవాళ్లకే దక్కుతుంది. 2021 సెప్టెంబరు 27న ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ మొదలయ్యాక, ఆభా అనే 14 అంకెల ఆరోగ్య ఖాతా సంఖ్య కింద మన ఆరోగ్య రికార్డులన్నీ ఒకచోట చేరే దారి ఏర్పడింది గదా. ఎక్కడో పన్నెండో అంతస్తులో కూర్చున్న మన వసూళ్ల ఏజెంటు ఆ రాశిలోంచి ఒక గ్రాఫు గీసి, ముసలివాళ్లలో ఎక్కువమంది జనవరి 1నే పుట్టారని కనిపెట్టి, ఏటా డిసెంబరు 31 రాత్రి ప్రసూతి వార్డులకు అదనపు సిబ్బందిని సిఫారసు చేస్తాడు. తాతగారి వేడిని టీ67 కింద వడదెబ్బగా నమోదు చేసి, డిసెంబరు చలిలో కృష్ణా తీరాన వడగాడ్పులు వీచాయని రెండో గ్రాఫు కూడా గీస్తాడు. ఆ తప్పులేమిటో చెప్పగలిగిన నర్సు అప్పటికి ఆయన దగ్గరే అప్రెంటిస్‌గా చేరి, గ్రాఫుకు రంగులు వేస్తూ ఉంటుంది.

క్లాసు ముగిశాక మేనకోడలి పేరు నమోదు చేయించి, సంరక్షకుడిగా నా వివరాలూ ఇచ్చాను. కౌంటరులోని అమ్మాయి పేరు, ఫోను నంబరు అడిగింది, ఇంకేమీ అడగలేదు, రసీదు చేతిలో పెట్టింది. నేను శ్రావణమాసం ముసురులో పుట్టానని మా అమ్మ చెప్పేది; రసీదులో చూస్తే 01-01-1970 అని ఉంది. వెనక వరుసలో నిలబడిన నర్సమ్మ దాన్ని తొంగిచూసి, 'చాలా మందున్నారు కదండీ, పాపం ఆ అమ్మాయి మాత్రం ఏం చేస్తుంది' అంది.