గులాబీ రంగు ఒక్కటే చాలదు

లంచం తీసుకుంటూ ఏసీబీ (అవినీతి నిరోధక శాఖ) వలలో చిక్కినవారి చేతులు గులాబీ రంగుకు మారితే శిక్ష ఖాయమని ఓ వ్యాసంలో రాశారు. అలా కాదండీ. వల పన్నేటప్పుడు లంచంగా ఇప్పించే నోట్లకు పూసేది ఫినాఫ్తలీన్ పొడి. వాటిని ముట్టుకున్న వేళ్లు సోడియం కార్బొనేట్ నీళ్లలో ముంచితే ఆ నీళ్లు గులాబీ రంగుకు తిరుగుతాయి, వాటినే సీసాలో పోసి సీలు వేసి ల్యాబ్‌కు పంపుతారు. దాంతో తేలేది నోట్లు తాకారన్నదే. లంచం అడిగారన్నది విడిగా రుజువు కావాలి. ఫిర్యాదుదారు కోర్టులో మాట మార్చాడంటే చాలా కేసులు అక్కడే వీగిపోతాయి. అప్పుడు కూడా ఇతర సాక్ష్యాలతో నిరూపించవచ్చని 2022లో నీరజ్ దత్తా కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. అందుకే ఎవరైనా డబ్బడిగితే తేదీ, అన్న మాటలు ఆ రోజే రాసిపెట్టుకోండి. తెలంగాణలో ఏసీబీ నంబరు 1064కు ఫోన్ చేయండి. గత్యంతరం లేక ఇచ్చేసినా 7 రోజుల్లోపు ఫిర్యాదు చేస్తే ఇచ్చినవారిపై నేరం ఉండదు. అవినీతి నిరోధక చట్టానికి 2018లో చేసిన సవరణతో వచ్చిన ఈ రక్షణ తెలియక, తామూ ఇరుక్కుంటామని ఎందరో నోరు మూసుకోవడం చూస్తే బాధేస్తుంది.