సవరణ: లొకేషన్.సెర్చ్ మారిస్తే పేజీ మళ్లీ లోడవుతుంది

జావాస్క్రిప్ట్‌తో వెబ్ అడ్రస్ భాగాలు మార్చడం గురించి మొన్న రాసినదాంట్లో, లొకేషన్.హాష్ (అడ్రస్‌లో # తో మొదలయ్యే భాగం) లాగే లొకేషన్.సెర్చ్‌కు (? తో మొదలయ్యే భాగం) కొత్త విలువ ఇచ్చినా పేజీ మళ్లీ లోడవదని చెప్పాను. అది తప్పు. సరిచూసుకోకుండా రాశాను.

హాష్ ఒక్కటే మారితే పేజీ మళ్లీ లోడవదు, హిస్టరీలో ఒక ఎంట్రీ చేరుతుందంతే. సెర్చ్, పాత్‌నేమ్ (సైట్ పేరు తర్వాత వచ్చే దారి), హోస్ట్ (సైట్ పేరు) మారిస్తే మాత్రం బ్రౌజర్ ఆ కొత్త అడ్రస్‌కు వెళ్లిపోతుంది. యూజర్ సగం నింపిన ఫారం పోవచ్చు, నా టెన్షన్ అదే. హెచ్‌టీఎంఎల్ ప్రమాణంలోనూ, బ్రౌజర్ల డాక్యుమెంటేషన్‌లోనూ ఇలాగే ఉంది.

పేజీ మళ్లీ లోడవకుండా ప్రశ్నార్థకం తర్వాతి భాగం మార్చాలంటే హిస్టరీ.రీప్లేస్‌స్టేట్ వాడండి. బ్యాక్ నొక్కితే పాత అడ్రస్ రావాలంటే పుష్‌స్టేట్. రెండూ అదే ఆరిజిన్‌లోని (ప్రోటోకాల్, సైట్ పేరు, పోర్ట్ మూడూ ఒకటే అయిన) అడ్రస్‌లకే పనిచేస్తాయి. నా కోడ్ కాపీ చేసుకున్నవాళ్లు దయచేసి లొకేషన్.సెర్చ్‌కు విలువ ఇచ్చే లైన్ మార్చుకోండి.