టెక్సస్ హైస్కూల్ ఆటల్లో తలల లెక్క ఒక్కటే చాలదు

అమెరికాలోని టెక్సస్ రాష్ట్రంలో పాఠశాల పోటీలను నడిపే యూనివర్సిటీ ఇంటర్‌స్కాలస్టిక్ లీగ్, అంటే యూఐఎల్, రెండేళ్లకోసారి ప్రభుత్వ హైస్కూళ్ల విద్యార్థుల సంఖ్య తీసుకుని వాటిని 1ఏ నుంచి 6ఏ దాకా ఆరు శ్రేణులుగా విభజిస్తుంది. రాబోయే రెండేళ్లు ఏ బడి పిల్లలు ఎవరితో తలపడాలో, శుక్రవారం రాత్రి ఆటకు ఎంత దూరం బస్సులో వెళ్లాలో ఆ అంకే తేలుస్తుంది. ఈ విభజన అవసరమే. అయితే పిల్లలు ఎందరో చూసి, వాళ్ల ఇళ్లలో ఏముందో చూడని లెక్క పేద బడులకు అన్యాయం చేస్తోంది.

సంఖ్యకు ఎందుకంత విలువంటే, బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తే అమెరికన్ ఫుట్‌బాల్‌లో దాడికి పదకొండు మంది, రక్షణకు మరో పదకొండు మంది కావాలి. పెద్ద బడిలో ఆ రెండు జట్లూ వేర్వేరుగా ఉంటాయి. చిన్న బడిలో ఒకే కుర్రాడు రెండు వైపులా ఆడతాడు. బంతి చేతులు మారినప్పుడు ఎదుటి జట్టువాళ్లు బెంచీ మీదికి వెళ్లి నీళ్లు తాగుతుంటే, అతను మోకాళ్ల మీద చేతులానించి మైదానంలోనే ఊపిరి పీల్చుకుంటాడు. ఆఖరి భాగమైన నాలుగో క్వార్టర్ వచ్చేసరికి ఆ అలసట అతని ప్రతి అడుగులోనూ కనిపిస్తుంది. టెక్సస్‌లో 105 మందికన్నా తక్కువ విద్యార్థులున్న బడులు ఆరుగురితోనే ఫుట్‌బాల్ ఆడవచ్చు. 80 గజాల పొడవు, 40 గజాల వెడల్పు ఉండే చిన్న మైదానంలో జరిగే ఆ ఆటలో రెండో సగంలో 45 పాయింట్ల తేడా వస్తే అక్కడితో ఆపేస్తారు. పశ్చిమ టెక్సస్‌లోని ఎన్నో ఊళ్లకు సొంత జట్టు మిగిలి ఉందంటే అది ఈ ఏర్పాటు పుణ్యమే.

అసలు శ్రేణులే వద్దు, అందరూ ఒకే బరిలో దిగాలి అనేవారు 1954 నాటి ఇండియానా రాష్ట్రం కథ చెబుతారు. 161 మంది విద్యార్థులున్న మైలన్ హైస్కూల్, తనకంటే ఎన్నో రెట్లు పెద్దదైన మన్సీ సెంట్రల్‌ను 32-30 తేడాతో ఓడించి రాష్ట్ర బాస్కెట్‌బాల్ టైటిల్ గెలిచింది. బాబీ ప్లంప్ చివరి క్షణాల్లో వేసిన ఆ బంతిని అక్కడివాళ్లు ఇప్పటికీ తలుచుకుంటారు. నాకూ ఆ కథంటే ప్రాణమే. కానీ 1997-98లో ఇండియానా నాలుగు శ్రేణులకు మారేవరకు, అంత చిన్న బడి మళ్లీ ఒక్కసారి కూడా గెలవలేదు. నాలుగు దశాబ్దాల్లో ఒక్కసారే జరిగినదాన్ని చూపించి మిగతా పిల్లలందరినీ ఏటా తొలి రౌండ్లలోనే ఇంటికి పంపడం సరికాదు.

అసలు చిక్కు ఒకే శ్రేణిలో ఉన్న బడుల మధ్య వస్తుంది. నాలుగు వైపులా డల్లాస్ నగరమే ఉండగా దాని మధ్యలో ఉన్న సంపన్న పేటల్లోని హైలాండ్ పార్క్ హైస్కూల్ 2016, 2017, 2018లో వరుసగా 5ఏ శ్రేణిలోని పెద్ద బడుల విభాగంలో ఫుట్‌బాల్ టైటిళ్లు గెలిచింది. ఆ పిల్లల కష్టాన్ని తక్కువ చేయడం లేదు. అయితే అదే శ్రేణిలో, దాదాపు అంతే మంది విద్యార్థులతో, బడి అయ్యాక చిన్న ఉద్యోగాలకు వెళ్లే పిల్లలున్న హైస్కూళ్లు కూడా ఉన్నాయి. వేసవి క్యాంపు, సొంత ట్రైనర్, ప్రాక్టీసుకు దింపి తీసుకొచ్చే కారు ఉన్న వంద మందీ, ఇవేవీ లేని వంద మందీ యూఐఎల్ లెక్కలో సమానమే.

మన తెలుగు కుటుంబాలు పెద్దసంఖ్యలో స్థిరపడిన డల్లాస్ శివారు పట్టణం ఫ్రిస్కోలో ఈ అంకెల ప్రభావం ఇంకో రకంగా కనిపిస్తుంది. పక్కనున్న ఆలెన్ పట్టణమంతటికీ ఆరు వేలకు పైగా విద్యార్థులతో ఒకే హైస్కూల్ ఉంది. దానికి 2012లో 6 కోట్ల డాలర్లతో 18,000 మంది కూర్చునే స్టేడియం కట్టారు. ఫ్రిస్కో మాత్రం ఒక్కో హైస్కూల్‌ను రెండు వేల పైచిలుకు దగ్గరే ఆపి, ఊరు పెరిగే కొద్దీ కొత్త బడులు కట్టుకుంటూ వచ్చింది. ట్రోఫీల్లో ఆలెన్ ముందుంది. కానీ తమ అమ్మాయి టెన్నిస్ జట్టులోనో, అబ్బాయి బాస్కెట్‌బాల్ జట్టులోనో చోటు సంపాదించాలని కోరుకునే తల్లిదండ్రులకు ఫ్రిస్కో దారే మేలు, ఎందుకంటే బడి ఎంత పెద్దదైనా బాస్కెట్‌బాల్ కోర్టులో దిగేది ఐదుగురే.

దిద్దుబాటు దారులు లేకపోలేదు. ఇండియానా 2012 తర్వాత గెలుపులకు పాయింట్లు వేసి, రెండేళ్లలో తగినన్ని పాయింట్లు వచ్చిన జట్టును పై శ్రేణికి పంపుతోంది. ఇది నాకు నచ్చదు, ఎందుకంటే గెలిచిన సీనియర్లు బడి వదిలి వెళ్లిపోతారు, ఆ గెలుపు భారం తర్వాత వచ్చిన పిల్లల మీద పడుతుంది. ఇల్లినాయీ రాష్ట్రం ప్రైవేటు బడుల విద్యార్థుల సంఖ్యను 1.65తో గుణించి, వాటిని ఉన్నదానికన్నా పెద్ద బడులుగా లెక్కిస్తుంది. ఎక్కడినుంచైనా ఆటగాళ్లను చేర్చుకోగల బడికి అది సబబే. మిన్నెసోటా, ఆరిగన్ రాష్ట్రాలు ఇంకాస్త లోతుగా ఆలోచించాయి. ఉచితంగా లేదా రాయితీ ధరకు మధ్యాహ్న భోజనం పొందే విద్యార్థుల లెక్కలాంటి పేదరికపు కొలతల్ని చూసి, పేద పిల్లలు ఎక్కువున్న బడి విద్యార్థుల సంఖ్యలో కొంత తగ్గించి లెక్కకడతాయి. పేదరికం ఆటకొచ్చే పిల్లలను తగ్గిస్తుందన్న వాస్తవాన్ని అంకెల్లో పెట్టే పద్ధతి ఇది.

దీనికీ ఒక ఇబ్బంది ఉంది. పేదలు ఎక్కువున్న బడులు ఇప్పుడు అందరికీ భోజనం ఉచితంగా పెట్టి, దరఖాస్తులు తీసుకోవడం మానేస్తున్నాయి కాబట్టి పాత లెక్క మసకబారుతోంది. అలాంటిచోట ప్రభుత్వ ఆహార సాయం పొందే కుటుంబాల పిల్లల సంఖ్యను నేరుగా తీసుకోవచ్చు, అది ఎలాగూ ప్రభుత్వం దగ్గర ఉంటుంది. టెక్సస్ తదుపరి విభజనకు ముందు ఆ అంకెను విద్యార్థుల సంఖ్య పక్కన ఒక నిలువు వరుసలో చేర్చి చూడడానికి కొత్తగా చట్టమేదీ అక్కర్లేదు.