రకాలు కుదిరాయి, గడువులే కుదరలేదు

పైథాన్ భాషలో రాసిన సర్వీసు (విడిగా నడిచే ప్రోగ్రామ్) గో భాషలోని సర్వీసును, అది మళ్లీ జావా సర్వీసును పిలవడం పెద్ద సాఫ్ట్‌వేర్ వ్యవస్థల్లో ఇప్పుడు మామూలే. గూగుల్ 2008లో ప్రోటోకాల్ బఫర్స్‌ను (డేటా రూపాన్ని ఏ భాషకైనా ఒకేలా నిర్వచించే పద్ధతి), 2015లో జీఆర్‌పీసీని (ఒక ప్రోగ్రామ్ మరో యంత్రంలోని ప్రోగ్రామ్‌ను పిలిచే పద్ధతి) ఓపెన్ సోర్స్ చేశాక, ఒక భాషలోని డేటా రకం మరో భాషలో ఎలా కనబడాలన్న ప్రశ్న చాలావరకు తీరింది. జావాస్క్రిప్ట్‌లో 64 బిట్ల (చాలా పెద్ద) పూర్ణ సంఖ్యలతో పేచీ ఇంకా ఉంది గానీ, అది అందరికీ తెలిసిన పేచీయే. తీరనిదల్లా జవాబు కోసం ఎంతసేపు ఆగాలి, ఆగడం మానేస్తే అవతల నడుస్తున్న పని ఏమవ్వాలి అన్నదే.

గడువు విషయంలో జీఆర్‌పీసీ తెలివైన నిర్ణయమే తీసుకుంది. రెండు యంత్రాల గడియారాలు ఒకేలా నడుస్తాయన్న భరోసా లేదు కనుక, ఫలానా సమయం లోపు అనకుండా, ఇంకా 1500 మిల్లీసెకన్లు ఉన్నాయన్నట్టు మిగిలిన వ్యవధినే హెడర్‌లో (రిక్వెస్టుతో పాటు వెళ్లే అదనపు సమాచారంలో) పంపుతుంది. ఆ మిగులును తర్వాతి కాల్‌కు అందించడం మాత్రం చాలావరకు కోడ్ రాసేవారి చేతిలో ఉంది. గోలో గడువును, రద్దు సంకేతాన్ని మోసుకెళ్లే కాంటెక్స్ట్‌ను ఫంక్షన్ నుంచి ఫంక్షన్‌కు అందిస్తూ పోవాలి. మధ్యలో ఎవరైనా తొందరలో ఖాళీ కాంటెక్స్ట్ పెట్టేస్తే, అక్కడి నుంచి కిందికి ఆ గడువు చేరదు.

రద్దు, అంటే మొదలైన పనిని మధ్యలో ఆపేయమనడం, మరీ చిక్కు. పైథాన్‌లో చాలా పనులను కలిపి నడిపే లైబ్రరీ అసింక్‌ఐఓలో రద్దు ఒక ఎక్సెప్షన్‌గా (ఎర్రర్ సంకేతంగా) వచ్చి పడుతుంది, 3.8 వెర్షన్‌కు ముందు అది సాధారణ ఎక్సెప్షన్ల కోవలోనే ఉండేది కనుక, దొరికిన ఎర్రర్‌నల్లా లాగ్‌లో రాసి ముందుకు సాగిపోయే కోడ్ రద్దును కూడా మింగేసేది. జావాలో కంప్లీటబుల్ ఫ్యూచర్‌ను (ఇంకా రాని ఫలితం కోసం ఉంచే వస్తువును) రద్దు చేస్తే ఆ ఫ్యూచర్ రద్దయినట్టు నమోదవుతుందే గానీ, వెనక థ్రెడ్‌లో పని యథావిధిగా సాగుతుంది.

చెల్లింపుల వంటి చోట దీని ఫలితం కళ్లకు కడుతుంది. గడువు మీరిందని క్లయింటుకు (పిలిచిన ప్రోగ్రామ్‌కు) ఎర్రర్ వచ్చినంత మాత్రాన ఖాతాలో డబ్బు కోత పడలేదని చెప్పలేం. సర్వర్ పని ముగించాక జవాబు దారిలో ఆలస్యమైనా అదే ఎర్రర్ వస్తుంది. అప్పుడు మళ్లీ పిలవవచ్చా లేదా అన్నది ఏ భాషా చెప్పలేదు, మెథడ్ (పిలిచిన ఫంక్షన్) రాసినవారే చెప్పాలి. అలా చెప్పడానికి ప్రోటో ఫైల్‌లో (మెథడ్‌లను, డేటా రకాలను నిర్వచించే ఫైల్‌లో) ఒక ఆప్షన్ ఉంది; రాయకపోతే డిఫాల్ట్‌గా తెలియదనే అర్థం, దాన్ని అలాగే వదిలేయడం నా దృష్టిలో బద్ధకమే. చెల్లింపు రిక్వెస్టులో క్లయింటు తయారుచేసిన ఐడీ ఒకటి ఉండాలి, రీట్రైలోనూ (మళ్లీ పిలిచినప్పుడూ) అదే ఐడీ వెళ్లాలి, అప్పుడే సర్వర్ దాన్ని కొత్త చెల్లింపు అనుకోకుండా ఉంటుంది. సర్వర్ ఆ ఐడీలను క్లయింటు చివరి రీట్రై తర్వాత కూడా కొంతకాలం దాచాలి. ఎంతకాలమో ఆ మెథడ్ పక్కనే రాసిపెట్టాలి.