ఫౌంటెన్ కట్టారు, దాని ఖర్చు మరిచారు

అమెరికాలో లూసియానా రాష్ట్రంలోని న్యూ ఆర్లియన్స్ నగరంలో 1978లో ఓ ప్లాజా, అంటే జనం చేరే బహిరంగ ఆవరణ, కట్టారు. పేరు పియాజ్జా దిటాలియా, డిజైన్ ఆర్కిటెక్ట్ చార్లెస్ మూర్‌ది. నేల మీద ఇటలీ పటం ఆకారంలో రాళ్లు పేర్చి, వాటి మీదుగా నీళ్లు పారించారు. చుట్టూ రంగురంగుల తోరణాలు, నియాన్ లైట్లు. గోడలోంచి మూర్ ముఖపు బొమ్మే నీళ్లు చిమ్ముతూ ఉంటుంది. అలంకారం లేని ఆధునిక (మోడర్న్) కట్టడాలకు ఎదురుగా రంగుల్నీ పాత కాలపు అలంకారాల్నీ తిరిగి తెచ్చిన శైలి పోస్ట్‌మోడర్న్ వాస్తుశిల్పం. ఆ పేరు అనగానే ఇప్పటికీ ఈ ప్లాజా ఫొటోనే ముందుకొస్తుంది.

వెలవెలబోయిన ఆ ప్రాంతానికి ప్లాజాతో మళ్లీ జనం వస్తారని, చుట్టూ షాపులూ ఆఫీసులూ లేస్తాయని లెక్క వేశారు. అవేవీ రాలేదు. 1980ల్లో చమురు ధర కుప్పకూలి లూసియానా ఆదాయం దెబ్బతింది. ఫౌంటెన్ ఎండిపోయింది, లైట్లు ఆరిపోయాయి, గోడలు పెచ్చులూడాయి. నిండా పాతికేళ్లు లేని కట్టడం శిథిలంలా మిగిలింది. పక్కన హోటల్ వచ్చిన 2000ల్లో గానీ దానికి మరమ్మతు జరగలేదు.

దీనికి ఈ శైలినే తప్పుపట్టేవాళ్లతో నేను ఏకీభవించను. అమెరికాలోనే సెయింట్ లూయిస్ నగరంలో ప్రభుత్వం అద్దెకిచ్చిన ప్రూట్-ఐగో ఇళ్లు చూడండి. పదకొండేసి అంతస్తుల 33 బ్లాకులు, ఎక్కడా అలంకారమన్నది లేదు. 1972లో వాటి కూల్చివేత మొదలైతే, ఆధునిక వాస్తుశిల్పం చచ్చిపోయిందని వాస్తుశిల్ప విమర్శకుడు చార్లెస్ జెంక్స్ ప్రకటించాడు. కానీ అక్కడ నిర్వహణ అంతా అద్దెకున్నవాళ్లు కట్టే డబ్బు మీదే నడిచేది. జనం ఖాళీ చేసే కొద్దీ అద్దెలు తగ్గాయి, మరమ్మతులు ఆగాయి, దాంతో ఇంకొందరు వెళ్లిపోయారు. ఒకటి మోడర్న్, ఇంకొకటి పోస్ట్‌మోడర్న్. రెండింటికీ వచ్చిన జబ్బు ఒక్కటే: నిర్వహణకు డబ్బు లేకపోవడం.

మాంద్యంలో నగరాలకు డబ్బుండదు, కానీ ఏదో జరుగుతోందని జనానికి చూపించాలన్న ఒత్తిడి మాత్రం ఉంటుంది. అప్పుడు పైపై రంగులు చవగ్గా దొరికే ఆశలా కనిపిస్తాయి. అమెరికాలోని పోర్ట్‌లాండ్ నగరంలో ఆర్కిటెక్ట్ మైకేల్ గ్రేవ్స్ పోస్ట్‌మోడర్న్ శైలిలో గీసిన 15 అంతస్తుల మున్సిపల్ ఆఫీసు 1982లో, సరిగ్గా అలాంటి గడ్డుకాలంలోనే తెరుచుకుంది. బయట నీలం, మీగడ రంగు, గోధుమ రంగు స్తంభాలు. లోపల చిన్న చిన్న కిటికీలు, చాలని వెలుతురు. బడ్జెట్ సుమారు 2.5 కోట్ల డాలర్లు. బిగించి కట్టిన ఆ బడ్జెట్ ప్రభావం తర్వాత నీళ్ల లీకేజీల్లో కనిపించింది. చివరికి 2020కి పూర్తయిన మరమ్మతుకు దాదాపు 19.5 కోట్ల డాలర్లు అయ్యాయి. మధ్యలో పెరిగిన ధరలు తీసేసి చూసినా అది చిన్న మొత్తం కాదు. గ్రేవ్స్ రంగులు వేయించిన ఆ కాంక్రీటు గోడ ఇప్పుడు అల్యూమినియం పలకల వెనుక ఉంది.