సవరణ: ఎల్లిసన్ ఖురాన్, రూజ్‌వెల్ట్ చక్రాల కుర్చీ

అమెరికా నాయకుల మతాన్ని, వైకల్యాన్ని మీడియా చూపే తీరు గురించి ఇంతకుముందు రాసినదాంట్లో తప్పులు దొర్లాయి.

అమెరికా కాంగ్రెస్‌కు (అక్కడి పార్లమెంటుకు) ఎన్నికైన తొలి ముస్లిం కీత్ ఎల్లిసన్ 2007 జనవరిలో ఖురాన్ మీద చెయ్యి పెట్టి సభలో ప్రమాణం చేశారని రాశాం. అది తప్పు. ప్రతినిధుల సభలో సభ్యులంతా ఒకేసారి లేచి, కుడిచెయ్యెత్తి ప్రమాణం చేస్తారు. ఏ గ్రంథమూ అక్కర్లేదు. ఖురాన్ కనిపించింది ఆ తర్వాత, ఫొటోల కోసం స్పీకర్‌తో విడిగా జరిగే కార్యక్రమంలో. అది ఒకప్పుడు అమెరికా మూడో అధ్యక్షుడు థామస్ జెఫర్సన్ దగ్గరున్న రెండు సంపుటాల ఆంగ్లానువాదం, 1764 ముద్రణ. ఆ ఫొటో పక్కన "సభలో ఖురాన్" అని శీర్షిక పెడితే, లేని నియమాన్నేదో ఆయన మీరినట్టు పాఠకుడికి తోస్తుంది. సరిగ్గా ఆ పొరపాటే మేమూ చేశాం.

అమెరికా అధ్యక్షుడిగా పనిచేసిన ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ వైకల్యం జనానికి బొత్తిగా తెలియదన్నదీ నిజం కాదు. 1921లో ఆయన పోలియోతో జబ్బుపడ్డ సంగతి పత్రికల్లో వచ్చింది. జనం కంట పడకుండా చూసింది ముఖ్యంగా చక్రాల కుర్చీ ఫొటోలను. 1945 మార్చి 1న కాంగ్రెస్‌లో కూర్చునే ప్రసంగిస్తూ, కాళ్లకు ఆసరాగా కట్టుకునే పది పౌండ్ల ఉక్కు మోయాల్సిన ఇబ్బంది గురించి ఆయనే చెప్పారు.

"చక్రాల కుర్చీకే పరిమితమైన" అని రాసినచోట "చక్రాల కుర్చీ వాడే" అని చదవండి. కుర్చీ ఉండబట్టే ఆయన గదుల మధ్య తిరగగలిగారు.